పిడి తిప్పితే అలలెత్తే శిల్పం: ఆరుబయట ఉత్సవానికి తయారీ పద్ధతి

పిడి తిప్పగానే పన్నెండు రెక్కలు ఒకదాని వెనక ఒకటి లేచి దిగుతూ అలలా సాగే శిల్పం ఇది. మోటారు పెట్టకండి. తన చేతి బలంతోనే రెక్క లేచిందని తిప్పే మనిషికి తెలియాలి, దీని అందమంతా అందులోనే ఉంది.

ఇరుసు మీది డిస్కులు తిరుగుతూ, తమ మీద ఆనిన నిలువు కడ్డీలను ఎత్తి దించుతాయి; ఒక్కో కడ్డీ పైన ఒక్కో రెక్క. ముందు ఇరుసు. 30 మి.మీ. బ్రైట్ బార్ (నునుపుగా తీసిన ఉక్కు కడ్డీ), 1.3 మీటర్ల పొడవు, రెండు చివర్లా యూసీపీ 206 బేరింగులు (30 మి.మీ. ఇరుసుకు సరిపోయే స్టాండు బేరింగులు, హైదరాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి). 25 మి.మీ. బార్ చవకే గానీ డిస్కులు, కడ్డీల బరువుకు నడుమ దాదాపు 2 మి.మీ. కుంగుతుంది. డిస్కులు 12: 10 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, 150 మి.మీ. వ్యాసం, ఇరుసు రంధ్రం కేంద్రానికి 40 మి.మీ. పక్కన. దాంతో రెక్క 80 మి.మీ. లేస్తుంది. బాలానగర్‌లో లేజర్ కటింగ్‌కు ఇచ్చేటప్పుడే ఇరుసు రంధ్రం చుట్టూ, 50 మి.మీ. వ్యాసపు వలయం మీద, 30 డిగ్రీలకొకటి చొప్పున 6.2 మి.మీ. రంధ్రాలు 12 కోయించండి. డిస్కులను 90 మి.మీ. ఎడంతో ఎక్కించి, ఒక్కోదాన్ని ఒక్కో రంధ్రం జరుపుతూ 6 మి.మీ. కడ్డీ దూర్చితే కోణాలు వాటంతటవే కుదురుతాయి. టాక్ వెల్డింగ్ (చిన్న చుక్కల్లా వేసే వెల్డింగ్) ఎదురెదురు వైపుల వేయండి, లేదంటే వేడికి ఇరుసు వంగుతుంది. ఆ తర్వాత ఆ సన్నటి కడ్డీ లాగేయండి.

కోణాలు కుదిరితే సగం రెక్కలు ఎక్కుతుంటే సగం దిగుతాయి, బరువు చేతికి తగలదు. పిడి ఒకచోట బిగిసి ఒకచోట జారిందా, ఏదో డిస్కు తప్పిందన్నమాట.

ఎక్కువ శిల్పాలు ఆగిపోయేది నిలువు కడ్డీల దగ్గరే. గుండ్రటి గొట్టమైతే తిరిగిపోయి కింది రోలర్ డిస్కు అంచు దాటుతుంది. 20 మి.మీ. చదరపు అల్యూమినియం గొట్టం తీసుకుని, అడుగున 6202 బేరింగును (చిన్న బాల్ బేరింగు) రోలర్‌గా బిగించండి. కడ్డీ పక్కకు ఒరగకుండా పట్టే గైడ్లు డెల్రిన్‌వి (గట్టి ప్లాస్టిక్) పెట్టండి, నైలాన్ తేమకు ఉబ్బుతుంది. రెండు గైడ్ల మధ్య 400 మి.మీ. ఉండాలి. 200 మాత్రమే ఉంటే, సెకనుకు 10 మీటర్ల గాలికే పక్క ఒత్తిడి పెరిగి, 700 గ్రాముల కడ్డీ దిగకుండా పైనే ఇరుక్కుంటుంది. కడ్డీ, రెక్క కలిపి కిలో తూగేలా అడుగున ఇనుప ముక్క చేర్చండి. స్ప్రింగు వద్దు. సొంత బరువుతో దిగే కడ్డీని ఎవరైనా పట్టుకున్నా డిస్కు కింద నుంచి తిరిగిపోతుంది, ఏదీ విరగదు.

పిడి నుంచి ఇరుసుకు సైకిల్ చైన్ చాలు: పిడి దగ్గర 18 పళ్ల ఫ్రీవీల్ (ఒకవైపే పట్టి, రెండోవైపు ఊరికే తిరిగే చక్రం), ఇరుసుకు 44 పళ్ల చైన్‌వీల్. ఫ్రీవీల్‌ను తిరగేసి బిగించాలి. సైకిల్లో బయటి పళ్లు లోపలి భాగాన్ని తిప్పితే, ఇక్కడ లోపలిది బయటిదాన్ని తిప్పుతుంది కాబట్టి. పిల్లలు వెనక్కి తిప్పితే టకటకమంటుంది, అంతే. పిడి ఎత్తు నేల నుంచి 800 మి.మీ., పిడి చేయి పొడవు 150 మి.మీ.

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా లాంటి చోట నేల తవ్వి పాతడానికి కుదరదు. హైదరాబాద్‌కు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకు భారత ప్రమాణం) చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల ఒత్తిడి. 200 × 300 మి.మీ. పాలికార్బొనేట్ రెక్కలు పన్నెండింటికి, 1.2 మీటర్ల చదరపు అడుగు చట్రం మీద 25 కిలోల ఇసుక బస్తాలు 16 పేర్చండి. లెక్కను స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. రెక్కలను వింగ్ నట్లతో (చేత్తోనే తిప్పే చెవుల నట్లు) బిగిస్తే మబ్బు పట్టగానే విప్పేయొచ్చు.

డిస్కులకు, చైన్‌కు 100 మి.మీ. దూరంలో, 10 మి.మీ. మించని కన్నున్న జాలీ నాలుగు వైపులా, కింద కూడా వేయండి. చిన్నపిల్లల చేతులు కింది నుంచే వెళ్తాయి.