పాత నడక వంతెన మరమ్మతు, నది అనుమతులు – మూడో పాఠం: నీటి గీత, దాని కింది లెక్క

గత రెండు పాఠాల్లో వంతెన పరిస్థితిని తనిఖీ చేసి నివేదిక రాయడం, ఏ ఆఫీసు ఏం చూస్తుందో గుర్తుపట్టడం అయిపోయాయి. మన ఊహా వంతెన అదే: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కాస్కేడ్ కొండలకు పడమటి వైపు, సాల్మన్ చేపలు ఎదురీదే ఒక నది. పొడవు 120 అడుగులు, వెడల్పు 8 అడుగులు. రెండు స్టీల్ గర్డర్లు (పొడవాటి దూలాలు), వాటిమీద చెక్క పలకలు, రెండు ఒడ్లలో కాంక్రీటు అబట్‌మెంట్లు (వంతెన చివర్లను మోసే గోడలు), నది నడుమ ఆరు చెక్క పైల్స్‌తో (నది అడుగులోకి దింపిన స్తంభాలు) ఒక పియర్, అంటే నడిమి ఆధారం. చేయాల్సినవి నాలుగు పనులు: పలకలు మార్చడం, గర్డర్లకు రంగు వేయడం, కుళ్లిన మూడు పైల్స్ బాగుచేయడం, కుడి అబట్‌మెంట్ దగ్గర నీరు కోసేసిన చోట రాళ్లు పేర్చడం.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు వంతెనకు అనుమతి అడుగుతారు. దరఖాస్తు చూసేవాళ్లకు వంతెనతో పెద్దగా పని లేదు. నీళ్లలో ఏం పెడుతున్నారు, ఎంత, ఎన్నాళ్లు, ఏ నెలలో, దేనితో? వాళ్ల ప్రశ్నలు ఇవే. ఈ పాఠంలో వాటికి అంకెల్లో జవాబు రాయడం నేర్చుకుందాం.

గీత ఎక్కడ?

ఆర్డినరీ హై వాటర్ మార్క్‌ను ఇకమీదట నీటి గీత అందాం. మామూలు సంవత్సరాల్లో నీరు పదేపదే వచ్చి, ఎక్కువ కాలం నిలిచి, మట్టిమీదా మొక్కలమీదా వదిలిన గుర్తు అది. వరద మ్యాప్‌లోని వందేళ్ల వరద మట్టం వేరు, అది దీనికంటే చాలా పైన ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసిన డ్రాయింగులు తరచూ తిరిగొస్తుంటాయి. గీతను పైకి పెట్టేస్తే నీళ్లలో పని ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, అనవసరమైన పరిహార పనులు నెత్తిన పడతాయి. కిందికి పెట్టేస్తే అనుమతి లేని పని చేసినట్టవుతుంది.

ఒడ్డుమీద దాన్ని వెతకడం ఇలా. నీటి అంచు నుంచి పైకి నడవండి. మొదట గడ్డి కూడా మొలవని కంకర, ఆపైన నీరు తాకినా బతికే విల్లో పొదలు, ఇంకా పైన నీట మునిగితే తట్టుకోలేని మొక్కలు కనిపిస్తాయి. ఈ మార్పు జరిగే చోట ఒడ్డు కోసుకుపోయిన అంచు, చెట్ల మొదళ్లపై మేట తాలూకు మరక, వేళ్లు బయటపడ్డ చోటు కూడా చూడండి. ఒక్క గుర్తు చూసి గీయవద్దు. వంతెనకు ఎగువన, దిగువన, రెండు ఒడ్లలోనూ జెండాలు పాతి, సర్వేయర్‌తో ఎత్తులు తీయించండి. వంతెన కింద నీడ వల్ల మొక్కలు ఉండవు, అబట్‌మెంట్ వల్ల ప్రవాహం వంకర తిరుగుతుంది. అక్కడి గుర్తులను నమ్మవద్దు, పక్కల నుంచి గీతను లాక్కురండి. ఎక్కడా గుర్తు దొరకకపోతే, చేపల అనుమతి విషయంలో సగటు వార్షిక వరద మట్టాన్ని గీతగా తీసుకోవాలని రాష్ట్ర చట్టం చెబుతోంది.

డ్రాయింగ్‌లో రెండు గీతలూ వేయండి, పేర్లు రాయండి, ఎత్తులు ఏ డేటమ్ (ఎత్తులు కొలిచే ఆధార మట్టం) ప్రకారమో రాయండి. నీళ్లలో పనికి ఫెడరల్ అనుమతులిచ్చే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌కు (ఇకమీదట కోర్) వెళ్లే బొమ్మలు ఎనిమిదిన్నర, పదకొండు అంగుళాల కాగితంపై చదవగలిగేలా ఉండాలి. పెద్ద షీటును కుదించి పంపితే అంకెలు చీమల్లా కనిపిస్తాయి.

గీతకు పైన ఉంటే ఎవరినీ అడగక్కర్లేదా?

ఈ అపోహ కౌంటీ ఇంజనీర్లకే ఉండేది. రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ ఇచ్చే హైడ్రాలిక్ ప్రాజెక్ట్ అప్రూవల్, అంటే హెచ్‌పీఏ, గీతకు పూర్తిగా పైన జరిగే వంతెన పనులకు వర్తించదని కొన్ని కౌంటీలు కోర్టుకెళ్లాయి. 2018లో వాషింగ్టన్ సుప్రీంకోర్టు శాఖ పక్షానే తీర్పిచ్చింది. పని ఎక్కడుందని మాత్రమే చూడరు, దానివల్ల నది అడుగు, ప్రవాహం మారతాయా అని కూడా చూస్తారు.

ఫెడరల్ వైపు లెక్క వేరు. క్లీన్ వాటర్ యాక్ట్ 404 సెక్షన్ నీళ్లలో పూడిక పడితేనే వర్తిస్తుంది. కాబట్టి పలకలు మార్చడం, శిథిలాలు నీళ్లలో పడకుండా చేస్తే, 404 కిందికి రాదు. నది నౌకాయోగ్యమైనదిగా కోర్ జాబితాలో ఉంటే 1899 నాటి నదులు, ఓడరేవుల చట్టంలోని 10వ సెక్షన్ కూడా వస్తుంది. అప్పుడు నీళ్లపైన చేసే పని గురించి కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

పనిని ముక్కలు చేసి చూడటం

పలకలు: కొత్త చెక్కకు పట్టించే మందులో రాగి ఉంటుంది. మనిషికి పెద్దగా హాని లేని మోతాదు కూడా చేపపిల్లకు విషం. అందుకే దరఖాస్తులో ఈ వాక్యం ఉండాలి: పలకలన్నీ ఒడ్డుమీదే కొలతకు కోసి, బోల్టు రంధ్రాలు వేసి, రంపపు పొట్టు ఊడ్చి తెస్తాం. తప్పనిసరిగా వంతెనమీద రంధ్రం వేయాల్సి వస్తే కింద టార్పాలిన్, పక్కన వాక్యూమ్. పాత పలకలు తీసేటప్పుడు మేకులు, ముక్కలు రాలుతాయి. గర్డర్ల నడుమ వేలాడే ప్లాట్‌ఫాం ముందు కట్టి, ఆ తర్వాతే మొదటి మేకు పీకాలి.

రంగు: పాత స్టీల్ మీద ఎర్రని ప్రైమర్ కనిపిస్తే సీసం ఉందనుకునే మొదలుపెట్టండి, చెక్కు తీసి ల్యాబుకు పంపండి. గీకిన చెత్తను టీసీఎల్‌పీ పరీక్షలో (చెత్తలోంచి విషం ఎంత ఊరుతుందో చూసే ల్యాబు పరీక్ష) పెడితే సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఆపైన వస్తే అది ప్రమాదకర వ్యర్థం. మూటకట్టి మామూలు డంపుకు పంపకూడదు. రంగు గీకే పనికి మూసిన గుడారం కావాలి. ఆ గుడారానికి గాలి తగిలితే ఎంత బరువు పడుతుందో, పాత గర్డర్ దాన్ని మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాలి. ఈ లెక్క మరిచిపోయిన కాంట్రాక్టర్ గాలి రోజున గుడారం విప్పేస్తాడు, చెత్తంతా నదిలోకి పోతుంది.

పైల్స్: ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే చెక్కకు గాలి అందదు, శిలీంధ్రం పట్టదు. పైన పొడిగా ఉన్నదీ నిలుస్తుంది. తడిసి ఆరి, తడిసి ఆరే నడిమి భాగమే కుళ్లుతుంది, మన మూడు పైల్స్‌కీ అక్కడే. చుట్టూ తొడుగు వేసి గ్రౌట్ (పల్చని సిమెంటు ముద్ద) నింపాలని మన డిజైన్. 12 అంగుళాల వ్యాసమున్న పైల్ 20 అంగుళాలు అవుతుంది. ఒక్కోదానికి నది అడుగున అదనంగా ఆక్రమించే చోటు 201 చదరపు అంగుళాలు, అంటే 1.4 చదరపు అడుగులు. మూడింటికి 4.2. నీటి గీత నుంచి అడుగు దాకా 6 అడుగుల ఎత్తు అనుకుంటే సుమారు 25 ఘనపుటడుగులు, అంటే 0.93 ఘనపు గజం. ఇంత చిన్న అంకె ఎందుకు రాయాలని అడగకండి. రాయకపోతే పరిశీలించే అధికారి తనే ఊహించుకుంటారు, ఎప్పుడూ ఎక్కువగానే.

గ్రౌట్ గురించి ఇంకో మాట. పచ్చి సిమెంటు తాకిన నీటి పీహెచ్ 12 దాకా పోతుంది. నదిలో ఉండాల్సింది 6.5 నుంచి 8.5. తొడుగు అడుగున సీలు సరిగా లేకపోతే గ్రౌట్ ఒత్తిడికి కిందినుంచి కారుతుంది, పైనుంచి చూసేవాళ్లకు తెలియదు. అందుకని మొదట కొద్దిగా పోసి సీలు గట్టిపడనిచ్చి, ఆ తర్వాత మిగతాది నింపుతామని, దిగువన పీహెచ్ కొలుస్తామని పద్ధతిలో రాయండి.

రాళ్లు: 30 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల మందం. మొత్తం 540 ఘనపుటడుగులు, 20 ఘనపు గజాలు. నీటి గీత కింద వెడల్పు 4 అడుగులే. కాబట్టి గీత కిందిది 360 ఘనపుటడుగులు, 13.3 ఘనపు గజాలు, 120 చదరపు అడుగులు. దరఖాస్తులో రెండు అంకెలూ ఉండాలి.

ఇక్కడే అసలు చిక్కు. పైల్స్ పని కోర్ వాళ్ల నేషన్‌వైడ్ పర్మిట్లలో (చిన్న పనులకు దేశమంతటికీ కలిపి ఇచ్చే అనుమతులు) మూడోది, అంటే మరమ్మతుల అనుమతి కిందికి హాయిగా వస్తుంది. షరతేమిటంటే కట్టడం ఇప్పటికీ వాడుకలో ఉండదగ్గదై ఉండాలి, మళ్లీ కట్టాల్సినంత శిథిలమై ఉండకూడదు. మొదటి పాఠంలో తనిఖీ నివేదిక రాసేటప్పుడు మాటలు ఆచితూచి వాడమన్నది ఇందుకే. ముందు ఎప్పుడూ లేనిచోట కొత్తగా రాళ్లు పేర్చడాన్ని ఒడ్డు రక్షణగా, పర్మిట్ 13 కింద చూసే అవకాశం ఉంది. దాని హద్దులు: 500 అడుగుల పొడవు మించకూడదు, గీత కింద సగటున ఒక్కో అడుగు పొడవుకు ఒక ఘనపు గజం మించకూడదు. మనది 13.3ను 30తో భాగిస్తే 0.44. హద్దులోనే ఉన్నాం. అయినా చేపల శాఖ, బండరాళ్ల బదులు చెట్టు మొదళ్లు, విల్లో మొక్కలతో ఎందుకు కాదని అడుగుతుంది. అబట్‌మెంట్ పునాది ఎంత లోతుంది, కోత ఎక్కడిదాకా వెళ్లిందన్న లెక్క చేతిలో ఉంటేనే రాళ్లే కావాలని నిలబడగలరు.

కాఫర్‌డ్యామ్ (నీటిని ఆపే తాత్కాలిక గోడ): రాళ్ల పని పొడిలో చేయడానికి ఇసుక బస్తాల గోడ కట్టాలి. పొడవు 45, వెడల్పు 3, ఎత్తు 2 అడుగులు. 270 ఘనపుటడుగులు, సరిగ్గా 10 ఘనపు గజాలు. తాత్కాలికమే కదా అని వదిలేస్తారు చాలామంది. నీళ్లలో పెట్టేది ఒక్కరోజైనా లెక్కే. లోపల చిక్కుకున్న చేపలను ఎవరు, ఎలా తీసి నదిలో వదులుతారో రాయాలి. పంపు మొన జాలీ రంధ్రం అంగుళంలో 32వ వంతులు మూడు మించకూడదు, లేకపోతే చేపపిల్లలు పంపులోకి పోతాయి. తోడిన బురదనీరు నదిలోకి కాదు, దూరంగా గడ్డి నేలమీదికి.

అన్నీ కూడితే, గీత కింద శాశ్వతం 14.3 ఘనపు గజాలు (360, 25 కలిపి 385 ఘనపుటడుగులు), 124 చదరపు అడుగులు. తాత్కాలికం 10 ఘనపు గజాలు, 135 చదరపు అడుగులు. ఈ నాలుగు అంకెలూ జార్పా ఉమ్మడి దరఖాస్తులో, డ్రాయింగ్‌లో, హెచ్‌పీఏ ఆన్‌లైన్ దరఖాస్తులో, సెపా (రాష్ట్ర పర్యావరణ సమీక్ష) కాగితాల్లో ఒకేలా ఉండాలి. డిజైన్ మారిన ప్రతిసారీ నాలుగు చోట్లా మార్చండి. గీత కింది రాళ్లకు ఒకచోట 20, మరోచోట 13.3 కనిపిస్తే దరఖాస్తు అసంపూర్ణమని తిరిగొస్తుంది, గడువు గడియారం మొదలవనే మొదలవదు.

టర్బిడిటీ

టర్బిడిటీ అంటే నీటి బురదతనం, దాన్ని కొలిచే యూనిట్ ఎన్‌టీయూ. సాల్మన్ జాతి చేపలున్న నదులకు రాష్ట్ర నియమం: ఎగువన నేపథ్య టర్బిడిటీ 50 ఎన్‌టీయూ లోపు ఉంటే దానిపై 5 మించకూడదు, 50 దాటితే 10 శాతం మించకూడదు. ఎగువన 8 ఉంటే దిగువ హద్దు 13, ఎగువన 60 ఉంటే 66. దిగువన ఎంత దూరంలో కొలవాలన్నది ఆనాటి ప్రవాహాన్ని బట్టి: సెకనుకు 10 ఘనపుటడుగుల దాకా 100 అడుగులు, 100 దాకా 200 అడుగులు, ఆపైన 300 అడుగులు. ఎగువ కొలత పని మొదలవకముందే తీసుకోవాలి. కాఫర్‌డ్యామ్ కట్టేరోజు, విప్పేరోజు బురద ఎక్కువ. విప్పేటప్పుడు దిగువ బస్తా ముందు తీసి, లోపలికి నీరు నెమ్మదిగా నిండనిచ్చి, ఎగువవి చివర తీయండి.

క్యాలెండర్ వెనకనుంచి

నీళ్లలో పనికి ఏ నదికి ఆ నదికి వేరే గడువుంటుంది, చాలా పశ్చిమ నదుల్లో ఎండాకాలంలో కొన్ని వారాలే. సరిగ్గా అప్పుడే గర్డర్ల కింద స్వాలో పిట్టల మట్టి గూళ్లలో గుడ్లుంటాయి. గుడ్లున్న గూటిని 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం కదపకూడదు. కాబట్టి పిట్టలు రాకముందే, శీతాకాలం చివర్లో వల కట్టాలి. వల అంచులు వదులుగా ఉంటే పిట్టలు లోపల చిక్కుకుని చస్తాయి, అది ఇంకో కేసు.

హెచ్‌పీఏ సంపూర్ణ దరఖాస్తు అందాక 45 రోజుల్లో రావాలి, కానీ సెపా తేలకుండా దరఖాస్తు సంపూర్ణం కాదు. ఫెడరల్ వైపే అసలు ఆలస్యం. ప్యూజెట్ సౌండ్ (పశ్చిమ వాషింగ్టన్‌లోని సముద్రపు పాయ) నదుల్లోని చినూక్ సాల్మన్, బుల్ ట్రౌట్ చేపలు 1999 నుంచి, స్టీల్‌హెడ్ చేపలు 2007 నుంచి ముప్పు జాబితాలో ఉన్నాయి. కాబట్టి పర్మిట్ 3కి ముందస్తు నోటీసు అక్కర్లేదన్న వెసులుబాటు ఇక్కడ ఆచరణలో దొరకదనే అనుకోండి. అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కింద పూర్తిస్థాయి సంప్రదింపు పడితే 135 రోజులు. వంతెన వయసు 50 ఏళ్లు దాటితే అదే చారిత్రక కట్టడమా అన్న పరిశీలన కూడా ఉంటుంది. నది మీద ఒప్పంద హక్కులున్న ఆదివాసీ తెగల ఫిషరీస్ విభాగంతో దరఖాస్తు పెట్టకముందే మాట్లాడండి. వాళ్ల వలలు ఎప్పుడు పడతాయో ఏ వెబ్‌సైటూ మీకు సరిగా చెప్పదు. వచ్చే జులైలో పని అంటే దరఖాస్తులు ఈ శరదృతువులోనే వెళ్లాలి.

అభ్యాసం

1. నాలుగో పైల్ కూడా కుళ్లిందని తేలింది. గీత కింద శాశ్వత ఘనపరిమాణం, విస్తీర్ణం మళ్లీ కట్టండి. ఏయే కాగితాలు మారతాయో రాయండి.

2. సైకిళ్ల కోసం వంతెనను 12 అడుగులకు పెంచుదామని ఊరి కౌన్సిల్ అడిగింది. మామూలు మరమ్మతుకు ఉండే షోర్‌లైన్ (ఒడ్డు ప్రాంతపు నియమాల) మినహాయింపు, సెపా మినహాయింపు, పర్మిట్ 3... వీటిలో ఏవి నిలుస్తాయి, ఏవి పోతాయి?

3. ఎగువ టర్బిడిటీ 47, దిగువ 53, ప్రవాహం సెకనుకు 85 ఘనపుటడుగులు, కొలిచిన దూరం 300 అడుగులు. ఈ రికార్డులో రెండు తప్పులున్నాయి.

వచ్చే పాఠంలో ఫ్లడ్‌వే, అంటే వరద నీరు పారే దారి: మన తొడుగులు, రాళ్లు వరద మట్టాన్ని పెంచవని హైడ్రాలిక్ లెక్కతో చూపించే నో-రైజ్ సర్టిఫికెట్.