కారు ఇంజన్ లోపల శుభ్రంగా ఉండాలంటే మందులు ఎలా వాడాలి?

ఇంజన్‌లో మురికి రెండు చోట్ల చేరుతుంది. పెట్రోలో డీజిలో మండే వైపు, అంటే ఇంజెక్టర్ల మొనల మీద, వాల్వుల మీద, పిస్టన్ తల మీద కార్బన్ గట్టిగా అంటుకుంటుంది. ఆయిల్ తిరిగే వైపు నల్లటి మడ్డి పేరుకుంటుంది. ట్యాంకులో పోసే మందు మొదటి రకం మురికికి, ఆయిల్‌లో పోసేది రెండో రకానికి. చాలామంది ఈ తేడా చూసుకోకుండా చేతికి దొరికిన సీసా పోసేసి, ఏ మార్పూ లేదని బాధపడతారు.

ముందు లోపల ఎలా ఉందో చూడండి

ఇంజన్ చల్లారాక ఆయిల్ పోసే మూత తీసి, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి. తేనె రంగు పూత కింద లోహం మెరుస్తూ కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. మూత అడుగున వేలితో రుద్ది చూడండి. నల్లటి జిగురు ముద్దలా వస్తే అది మడ్డి. తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే లోపల తేమ చేరినట్టు. రోజూ ఒకటి రెండు కిలోమీటర్లే తిరిగే కార్లలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఇలా అవుతుంది. కానీ దానితోపాటు కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య సీలు, పోయి ఉండొచ్చు. అప్పుడు ఏ మందూ పోయకుండా మెకానిక్‌కు చూపించండి. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకండి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచడం దాని పనే.

మొదటి రోజే లోపల ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ట్యాంకులో పోసే మందు

పెట్రోల్ కారుకైతే సీసా మీద పాలీఈథర్ అమీన్, అంటే పీఈఏ, ఉందేమో చూడండి. గట్టిపడిన కార్బన్‌ను కూడా కరిగించగల రసాయనం అది. డీజిల్‌కు డీజిల్ కోసం చేసినదే వాడాలి. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, సీసా మీద రాసిన మోతాదు పోసి, ఆ వెంటనే ఫుల్ ట్యాంక్ కొట్టించండి. అప్పుడు మందు బాగా కలుస్తుంది. ఆ ట్యాంకు అయ్యేలోపు ఒకసారైనా ఆగకుండా దూరం నడిపితే మంచిది. రెట్టింపు పోస్తే రెట్టింపు శుభ్రం కాదు.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్లలో ఒక చిక్కుంది. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనక వైపును తాకదు. ఇక ట్యాంకులో ఏది పోసినా ఆ వాల్వులకు చేరదు. అక్కడ కార్బన్ పేరుకుంటే, గాలి వెళ్లే గొట్టాల భాగం (ఇన్‌టేక్ మానిఫోల్డ్) విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేస్తారు.

ట్యాంకులో పోసే ఈ మందును, ఆయిల్ మార్చడానికి ముందు కొట్టించే ఫుల్ ట్యాంకులోనే వాడండి. మండకుండా మిగిలిన కొంత మందు పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతుంది. పాత ఆయిల్‌తో పాటు అదీ బయటికి పోతుంది.

ఫ్లష్ అందరికీ కాదు

మడ్డిని కరిగించడానికి ఆయిల్‌లో పోసే మందే ఫ్లష్. దాన్ని పాత ఆయిల్‌లో కలిపి, సీసా మీద చెప్పినంతసేపు, సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు, ఇంజన్‌ను నిలబెట్టిన చోటే ఆన్‌లో ఉంచాలి. యాక్సిలరేటర్ తొక్కకూడదు, కారు నడపకూడదు. వెంటనే ఆయిల్ దింపేసి ఫిల్టర్ కూడా మార్చాలి.

కొద్దిపాటి మడ్డికి ఇది సరిపోతుంది. మడ్డి మందంగా ఉంటే మాత్రం ఇది ప్రమాదం. ఊడిన పెళ్లలు కిందికి జారి, పంపు ఆయిల్ పీల్చుకునే జల్లెడకు అడ్డం పడతాయి. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు అరిగిపోతాయి. అలాంటి ఇంజన్‌కు మంచి ఆయిల్ పోసి, సగం గడువుకే రెండు మూడుసార్లు మార్చండి. ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్లు మడ్డిని నిదానంగా కరిగిస్తాయి. టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తిరిగే ఇంజన్లలో మాన్యువల్ చెప్పకపోతే ఫ్లష్ వద్దే వద్దు. వేళకు ఆయిల్ మార్చే కారుకు నా లెక్కలో దీని అవసరమే రాదు.

కొత్త ఆయిల్

0డబ్ల్యూ-20 అయినా 5డబ్ల్యూ-30 అయినా (ఇవి ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గ్రేడ్లు) మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న డీజిల్ కారుకు బూడిద తక్కువగా వచ్చే ఆయిల్ కావాలి, లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. కొంచెం తక్కువగా పోసి, ఒక నిమిషం ఇంజన్ నడిపి ఆపండి. సమతలం మీద ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి, మిగతాది కలపండి. డిప్‌స్టిక్ పై గీత దాటితే, కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ తెస్తుంది. కొత్త ఆయిల్‌లో అదనంగా మరో మందు సీసా కలపకండి. కావలసినవన్నీ కొలత ప్రకారం అందులోనే ఉంటాయి.

అదే రోజు పీసీవీ వాల్వ్ కూడా చూపించండి. ఇంజన్ లోపలి ఆవిరి బయటపడే దారి అదే. అది మూసుకుపోతే ఎంత మంచి ఆయిల్ పోసినా మడ్డి మళ్ళీ కడుతుంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే మూత మళ్ళీ తీసి, మొదటి రోజు తీసిన ఫోటోతో పోల్చి చూసుకోండి.