ఇంగ్లండ్‌లో మన పిల్లల ఇంటర్ ఈడు ఫిజిక్స్: నల్గొండ, పాలమూరు నుంచి కొత్తగా వచ్చినవారికి

ఏప్రిల్, మే వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "అన్నా, బాబుది టెన్త్ అయిపోయింది, ఆగస్టుల వస్తున్నం. ఆడ ఇంటర్ ఎట్ల? ఫిజిక్స్ కష్టమా?" మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, జడ్చర్ల... ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో హయ్యర్స్ అని చదువే వేరు, అక్కడికి పోయేవాళ్లకు ఇందులో సగమే పనికొస్తుంది.

ముందు క్లాసు సంగతి తేల్చుకోవాలి. ఇక్కడ పిల్లలను ఏ క్లాసు పాసయ్యారని చూసి కాదు, వయసును చూసి కూర్చోబెడతారు. ఆగస్టు 31 నాటికి పదహారేళ్లు నిండితే ఇయర్ 12, అంటే మన ఫస్టియర్ ఈడు. పదిహేనే నిండితే ఇయర్ 11. మన దగ్గర పదిహేనేళ్లకే టెన్త్ గట్టెక్కే పిల్లలు ఎక్కువ కాబట్టి, వచ్చేసరికి చాలామంది ఇయర్ 11లో పడతారు. అది జీసీఎస్ఈ అనే రెండేళ్ల చదువులో రెండో ఏడాది. "టెన్త్‌లో అన్ని మార్కులొస్తే మళ్లీ టెన్తా?" అని ఇంట్లో అలకలు మొదలవుతాయి. బాధపడకండి. జీసీఎస్ఈ మ్యాథ్స్, ఇంగ్లిష్ గ్రేడ్లు తర్వాత కాలేజీ సీటుకూ, యూనివర్సిటీకీ, చివరికి ఉద్యోగానికీ అడుగుతూనే ఉంటారు. ఆ ఏడాది దొరకడం అదృష్టమే అంటాను నేను.

ఇయర్ 12, 13 కలిపి సిక్స్త్ ఫామ్ అంటారు, అక్కడ చదివే చదువు ఏ-లెవెల్. అది బడిలోనే ఉండొచ్చు, విడిగా కాలేజీ అయినా ఉండొచ్చు. సీటు కోసం నేరుగా వాళ్లకే దరఖాస్తు పెట్టుకోవాలి. ఫిజిక్స్ తీసుకోవాలంటే జీసీఎస్ఈలో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండింట్లోనూ 6 గానీ 7 గానీ గ్రేడు (9 అన్నిటికన్నా పైది) ఉండాలని చాలాచోట్ల అడుగుతారు. మన టెన్త్ మెమో పట్టుకొని వచ్చినవాళ్లకు కొన్ని కాలేజీలు చిన్న పరీక్ష పెడతాయి, కొన్ని యూకే ఎనిక్ (బయటి దేశాల చదువు ఇక్కడ దేనికి సమానమో చెప్పే సంస్థ) నుంచి సమానత్వ పత్రం తెమ్మంటాయి. సెప్టెంబర్‌లో క్లాసులు మొదలవుతాయి గనుక విమానం దిగిన వారంలోనే ఈ పని పట్టుకోండి. ఇంటి సామాన్లు తర్వాత కొనుక్కోవచ్చు.

ఫస్టియర్ అక్కడ పూర్తిచేసి వచ్చినవాళ్లు "ఇయర్ 13లో వేయండి" అని పట్టుబడుతుంటారు. వద్దు. ఏ-లెవెల్ పరీక్షలన్నీ రెండేళ్ల చివర, ఇయర్ 13 మే, జూన్ నెలల్లో ఒకేసారి జరుగుతాయి. మొదటి ఏడాది పాఠాలూ అందులోనే వస్తాయి. మన ఫస్టియర్‌కూ వీళ్ల ఇయర్ 12కూ పాఠాలు కలవవు, ఎక్కడ కలవవో కింద చెప్తాను.

సబ్జెక్టులు మామూలుగా మూడే. మన ఎంపీసీ లాగే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ తీసుకోవచ్చు. కెమిస్ట్రీకి బదులు ఫర్దర్ మ్యాథ్స్, అంటే ఇంకా పైస్థాయి లెక్కలు, తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇంజనీరింగ్ మీద ఆశ ఉంటే మ్యాథ్స్, ఫిజిక్స్ వదలకూడదు. డాక్టరు చదువు కోరుకునే పిల్లలకు మాత్రం ఇక్కడ ఫిజిక్స్ తప్పనిసరి కాదు, ఎక్కువగా అడిగేది కెమిస్ట్రీ, బయాలజీ. బైపీసీలో ఫిజిక్స్ ఉంటుంది కదా అని ఇష్టంలేని పిల్ల నెత్తిన దాన్ని రుద్దే పని పెట్టుకోకండి.

పాఠాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు

ఏ బోర్డు పరీక్ష అనేది బడి నిర్ణయిస్తుంది. ఏక్యూఏ, ఓసీఆర్, ఎడెక్సెల్ ఎక్కువగా కనబడతాయి. నేను ఏక్యూఏ పద్ధతిలో చెప్తున్నాను, మిగతావి దానికి మరీ దూరమేం కాదు.

గతిశాస్త్రం, పని-శక్తి, సరళ హరాత్మక చలనం, విద్యుత్ ప్రవాహం, గురుత్వ, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు, కెపాసిటర్లు, వాయు నియమాలు, కేంద్రక భౌతికం... ఇవన్నీ మన పిల్లలకు తెలిసిన దారులే. మన దగ్గర బట్టీపట్టే బెర్నౌలీ సిద్ధాంతం, తలతన్యత, ఎల్‌సీఆర్ వలయం, లాజిక్ గేట్లు ఇక్కడి ప్రధాన పాఠాల్లో కనిపించవు. జడత్వ భ్రామకం కూడా ఇంజనీరింగ్ ఫిజిక్స్ అనే ఐచ్ఛిక భాగం ఎంచుకున్నవాళ్లకే. ఫిజిక్స్ పరీక్షలో కలన గణితం అడగరు. ఇదంతా విని "అయితే మనోళ్లకు అల్కగ ఉంటది" అనుకుంటారు. సిలబస్ చిట్టా వరకు అది నిజమే.

కొత్తగా వచ్చేది కణ భౌతికం. ఇయర్ 12 మొదట్లోనే క్వార్కులు, లెప్టాన్లు, స్ట్రేంజ్‌నెస్, ఫైన్‌మన్ బొమ్మలు పెడతారు. ఫస్టియర్‌లో సదిశలతో మొదలుపెట్టిన పిల్లలకు ఇది ముందు గందరగోళంగా ఉంటుంది. నిజానికి అందులో లెక్కలు తక్కువ. ఆవేశం, బేరియాన్ సంఖ్య, లెప్టాన్ సంఖ్య అటూ ఇటూ సరిపోయాయా అని చూడటమే ఎక్కువ. నెల రోజుల్లో అలవాటు పడతారు.

కాలిక్యులేటర్ పరీక్షలోకి తీసుకుపోవచ్చు, సూత్రాల పుస్తకం వాళ్లే ఇస్తారు. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, మూడు గంటల్లో 160 ప్రశ్నలకు తయారైన పిల్లలకు ఇది విడ్డూరం. సూత్రం గుర్తుండటానికి ఇక్కడ మార్కు లేదు మరి.

కొలత

నన్నడిగితే మన పిల్లలు తడబడేది ఇక్కడే. లెక్క కట్టడంలో మనవాళ్లను ఆపేవాడు లేడు. ఆ జవాబును ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగితే మాత్రం నోరు పెగలదు. మన దగ్గర చాలా కాలేజీల్లో ప్రాక్టికల్స్ అంటే రెండో ఏడాది చివర్లో నాలుగు రోజుల హడావుడి, సీనియర్ రికార్డు చూసి నింపిన రీడింగులు. 30 మార్కులు ఎలాగూ వస్తాయన్న ధీమా. తప్పు పిల్లలది కాదు, వాళ్లకు ల్యాబ్ తలుపు తెరిచిందే తక్కువ.

ఇక్కడ రెండేళ్లలో పన్నెండు ప్రయోగాలు తప్పనిసరి. తీగపై స్థిర తరంగాలు, యంగ్ జంట చీలికలు, స్వేచ్ఛాపతనంతో గురుత్వ త్వరణం, యంగ్ గుణకం, తీగ నిరోధకత, సెల్ అంతర్నిరోధం, లోలకం-స్ప్రింగు, బాయిల్-చార్లెస్ నియమాలు, కెపాసిటర్ ఆవేశం-ఉత్సర్గం, అయస్కాంత క్షేత్రంలో తీగపై బలం, సెర్చ్ కాయిల్, గామా కిరణాల విలోమ వర్గ నియమం. పేర్లు చూస్తే కొత్తవి తక్కువే. చేయించే తీరే వేరు. ఈ ప్రయోగాలకు 'పాస్' అని విడిగా సర్టిఫికెట్లో వేస్తారు, గ్రేడులో కలపరు. అయినా కొన్ని యూనివర్సిటీలు ఆ పాస్ అడుగుతాయి. రాత పరీక్ష మార్కుల్లో కనీసం 15 శాతం ప్రయోగ నైపుణ్యానికే పోతాయి. మూడో పేపర్లో అయితే 80కి 45 మార్కులు ప్రయోగాలు, దత్తాంశాల మీదే.

తీగ నిరోధకతనే తీసుకోండి. మీటరు పొడవు తీగ, స్క్రూ గేజితో వ్యాసం 0.38 మిల్లీమీటర్లు. గేజి 0.01 మిల్లీమీటరు వరకే చూపిస్తుంది. అంటే వ్యాసంలో అనిశ్చితి (కొలత అటూ ఇటూ అయ్యే తేడా) సుమారు 2.6 శాతం. మధ్యచ్ఛేద వైశాల్యంలో వ్యాసం వర్గంగా వస్తుంది గనుక అది రెట్టింపై 5.3 శాతమవుతుంది. పొడవు కొలతలో రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా తేడా 0.2 శాతమే. ఇప్పుడు ప్రశ్న: ఈ ప్రయోగం బాగుపడాలంటే ఏం చేస్తావు? మన పిల్లాడు "పొడవు ఇంకా జాగ్రత్తగా కొలుస్తా" అని రాస్తాడు. మార్కు రాదు. తీగ మీద నాలుగైదు చోట్ల, అడ్డంగా నిలువుగా వ్యాసం కొలిచి సగటు తీయాలి, ముందుగా గేజి సున్నా దోషం చూడాలి. ఈ మాట రాయడానికి సూత్రం అక్కర్లేదు, గేజి చేతిలో పట్టుకొని ఉండాలి.

గ్రాఫుల దగ్గరా ఇదే కథ. బిందువుల గుండా సరళరేఖ గీసి వాలు కట్టడం మనకు తెలుసు. ఇక్కడ దోషపట్టీలు (ఒక్కో బిందువు ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే చిన్న గీతలు, ఎర్రర్ బార్లు) గీసి, వాటిలో ఇమిడే అతి నిటారు రేఖో, అతి తక్కువ వాలున్న రేఖో గీసి, ఆ తేడా నుంచి వాలులో అనిశ్చితి చెప్పమంటారు. కెపాసిటర్, రేడియోధార్మికత దగ్గర సహజ సంవర్గమానం తీసి గ్రాఫు గీయాలి. సార్థక అంకెల పట్టింపు కూడా ఎక్కువే. కాలిక్యులేటర్ తెర మీది పది అంకెలూ దించితే మార్కు పోయే ప్రశ్నలుంటాయి. "సుమారు 3 అని చూపండి" అంటే 2.96 అనో ఎంతనో ఒక అంకె ఎక్కువే రాయాలి, 3 అని రాసి గీత గీస్తే చూపినట్టు కాదు.

కాబట్టి పిల్లలకు నేను చెప్పేది, ల్యాబ్‌లో ఇద్దరు కలిసి చేసేటప్పుడు రీడింగులు రాసే పని మీదేసుకొని కూర్చోకండి. సిగ్గు పడితే పరికరం పక్కవాడి చేతిలోనే ఉండిపోతుంది. పరికరం మీరు పట్టుకోండి. తప్పు రీడింగు వచ్చిందా, చెరిపేయకుండా ఒక గీత గీసి పక్కన ఎందుకని అనుకుంటున్నారో రాయండి. ఇక్కడి సార్లకు చక్కటి రికార్డు కన్నా అదే నచ్చుతుంది.

రాతలో ఇంకో చిక్కు ఆరు మార్కుల వివరణ ప్రశ్నలు. పాయింట్లుగా పొడిపొడిగా రాసి అలవాటైన పిల్లలు కారణం వెంట కారణం చెప్పాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు భయపడాల్సిన పని లేదు. వీళ్లకు కావలసింది గొప్ప ఇంగ్లిష్ కాదు, 'కాబట్టి' ఎక్కడ పడాలో తెలియడం. బహుళైచ్ఛిక ప్రశ్నలు మొదటి రెండు పేపర్లలో 25 చొప్పున ఉంటాయి, అక్కడ మనవాళ్లు దూసుకుపోతారు.

మార్కులు చూసి బెంబేలు పడకండి

తల్లిదండ్రుల సమావేశానికి పోతే "62 శాతం, బాగుంది" అని టీచరు నవ్వుతూ చెప్తారు. ఇంటికొచ్చి పిల్లాడిని నిలదీయకండి. ఫిజిక్స్‌లో 'ఏ' (A) గ్రేడుకు చాలా ఏళ్లలో 70 శాతం కూడా అవసరం పడలేదు. నూటికి తొంభై ఎనిమిదితో గోడ మీద ఫ్లెక్సీ వేసే లెక్క ఇక్కడ పనిచేయదు.

ట్యూషన్ కోసం వెంటనే పరుగెత్తకండి. పాత ప్రశ్నపత్రాలు, మార్కులు ఎట్లా వేస్తారో చెప్పే పత్రాలు బోర్డుల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. పరీక్షకులు రాసే నివేదికలు కూడా ఉంటాయి, పిల్లలు ఎక్కడ దెబ్బతింటున్నారో అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీవాళ్ల ఐజాక్ సైన్స్ (పాత పేరు ఐజాక్ ఫిజిక్స్) సైట్లో లెక్కలు కూడా ఉచితమే, మన పిల్లలకు తగినంత గట్టిగా ఉంటాయి. ఇక్కడ ఏ-లెవెల్, రాత్రి ఆన్‌లైన్లో జేఈఈ కోచింగ్ అని రెండు పడవల మీద కాళ్లు పెట్టించేవాళ్లను చూస్తున్నాను. ఇండియాకు తిరిగి పోయే ఆలోచన గట్టిగా ఉంటే తప్ప ఆ పని చేయొద్దు.

యూనివర్సిటీ దరఖాస్తు యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా పెట్టుకోవాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకూ, మెడిసిన్‌కూ గడువు అక్టోబర్ నడుమనే, మిగతావాటికి జనవరిలో. అందులో పిల్లలు తమ గురించి మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి, మొత్తం 4,000 అక్షరాల లోపు. "చిన్నప్పటినుంచి సైన్సంటే ప్రాణం" అని అందరూ రాస్తారు. మన పిల్లలకు మన నేలలోనే సరుకుంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే అందులో ఏడు రివర్సిబుల్, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు. నీళ్లు దిగేటప్పుడు కరెంటు తీస్తాయి, మిగులు కరెంటు ఉన్నప్పుడు నీళ్లను తిరిగి పైకి తోడగలవు. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి. వేల్స్‌లోని డినార్విగ్ కూడా కొండ లోపల ఇదే పని చేస్తుంది, 1984 నుంచి. ఒక టన్ను నీళ్లు వంద మీటర్లు దిగితే వచ్చే శక్తి కట్టి చూడమనండి: 9,81,000 జౌళ్లు, అంటే పావు యూనిట్‌కు కొంచెం పైన, అదీ నష్టాలేమీ లేవనుకుంటే. అంత తక్కువా అని ఆశ్చర్యపోయి, మరి డ్యాములో ఎన్ని టన్నులు, టర్బైన్ దగ్గర ఎంత పోతుంది అని పిల్ల తనంతట తాను అడిగిందంటే దరఖాస్తులో రాసుకోవడానికి కావలసింది దొరికినట్టే.

ఫీజు విషయం ముందే తెలుసుకోండి. డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు ప్రభుత్వ బడిలో, సిక్స్త్ ఫామ్‌లో మామూలుగా ఫీజు ఉండదు. యూనివర్సిటీకి వచ్చేసరికి మాత్రం శాశ్వత నివాసం, దాంతోపాటు మూడేళ్లు ఇక్కడ ఉన్న లెక్క చూస్తారు. అవి లేకపోతే చాలావరకు అంతర్జాతీయ ఫీజే పడుతుంది. ఇది పదిహేడో ఏట తెలిసి గుండె పట్టుకునే బదులు, ఇప్పుడే మీ వీసా తేదీలు కాగితం మీద వేసుకోండి.

సూట్‌కేసులో టెన్త్ మెమో, టీసీ, బోనఫైడ్, ఫస్టియర్ మార్కుల మెమో అసలువి పెట్టుకోండి, చెక్ ఇన్ బ్యాగులో కాదు, చేతి సంచిలో. తెలుగు అకాడమీ ఫిజిక్స్ పుస్తకాలు రెండూ తెచ్చుకోండి, ఉత్పాదనలకు ఇప్పటికీ అవి మంచివే. గైడ్లు, బిట్ బ్యాంకులు అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. కాలిక్యులేటర్ ఇక్కడే కొనండి, బడి ఏ మోడల్ చెప్తుందో చూసి.