పాత సైకిల్ బాగుచేత – 6వ పాఠం: కాటర్ పిన్ను ఎందుకు కూర్చోవడం లేదు?

ఈసారి చక్రం వంకర తీయడం చెప్పాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చదివి క్రాంకులు, అంటే పెడళ్లు బిగించే ఇనుప చేతులు, విప్పి రంగుకో, క్రోమ్‌కో ఇచ్చినవాళ్లలో చాలామంది తిరిగి బిగించేటప్పుడు ఒకేచోట ఆగిపోయారు. గుంతకల్లు నుంచి ఒకాయన, కాటర్ పిన్ను (క్రాంకును మధ్య ఇరుసుకు కదలకుండా పట్టి ఉంచే పిన్ను) సగంలోనే బిగుసుకుందని ఫోటో పంపారు. ధర్మవరం తమ్ముడొకడు బలంగా కొట్టి దించేశాడు. రెండు రోజులు బాగానే తొక్కాడట, మూడో రోజు నుంచి ప్రతి చుట్టుకూ టక్, టక్. తాడిపత్రిలో వాళ్ల నాన్నగారి పాత హెర్క్యులస్ బాగుచేసుకుంటున్న అమ్మాయికేమో రెండు పెడళ్లూ ఒక గీతలోకి రావడం లేదు.

ఇందులో మీ తప్పు లేదు. రంధ్రాలు మూసి రంగుకు ఇవ్వాలన్న మాట నేనే రాయలేదు. నాకు అలవాటైన పని కావడంతో, అది కూడా చెప్పాలని తోచలేదు. నేను రంగుకు ఇచ్చే ముందు కాటర్ రంధ్రంలో చెక్క బిరడా కొడతాను, ఇరుసు దూరే పెద్ద రంధ్రంలో గుడ్డ కుక్కి పైన టేపు వేస్తాను. ఇంకా ఇవ్వనివాళ్లు ఇప్పుడే ఆ పని చేయండి.

ఇచ్చేసినవాళ్ల సంగతి చూద్దాం. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించి పట్టించేది) మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది. రంధ్రం లోపల రెండు వైపులా కలిపితే 0.12 నుంచి 0.16 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ, కాటర్ పిన్ను ఏటవాలుగా చెక్కిన మేకు లాంటిది. దాని చదును ముఖం ఇరుసు మీద ఉన్న చదునుకు ఒరుసుకుంటూ దిగాలి. అక్కడ వెంట్రుకంత తేడా వచ్చినా పిన్ను దిగే లోతు ఎంతో మారిపోతుంది. రంగున్న రంధ్రంలో పిన్ను ఇరుసును పట్టుకోవడానికి ముందే రంగును పట్టుకుంటుంది. తొక్కేకొద్దీ ఆ రంగు నలిగి పొడై రాలిపోతుంది, పిన్ను వదులవుతుంది. ధర్మవరం తమ్ముడికి మూడో రోజు మొదలైన టక్ టక్ అదే. నాకు ఈ పని నేర్పిన సైకిల్ షాపు పెద్దాయన అనంతపురం పాతూరులో ఉండేవారు. బిగిసిన పిన్నును వేలితో తడిమి, "ఇనుముకు ఇనుము తగల్లేదప్పా" అనేవారు. ఆయన వెతికేదల్లా ఆ ఒక్కటే.

రంగును థిన్నర్‌లో ముంచిన గుడ్డతో నానబెట్టి తుడవండి. పౌడర్ కోటింగ్ థిన్నర్‌కు లొంగదు. సన్నటి కర్రకు ఎమ్రీ కాగితం చుట్టి, రంధ్రం పొడవునా ముందుకు వెనక్కి ఆడించండి. ఒకేచోట గుండ్రంగా తిప్పితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, అప్పుడిక ఆ క్రాంకు పనికిరాదు. క్రోమ్ వేయించినవాళ్లకు లోపలికన్నా అంచు దగ్గరే ఎక్కువ పేరుకుంటుంది. ఆ అంచును మాత్రం గుండ్రటి సన్న ఆకురాయితో తీస్తే సరిపోతుంది. కొలవడానికి నా పద్ధతి ఇది: 9.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ తీసుకుని, దాని నున్నటి వెనక భాగాన్ని రంధ్రంలోకి చేత్తో తోస్తాను. ఊగకుండా జారాలి. దీనికోసం వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) కొనక్కర్లేదు.

మన దేశంలో తయారైన మామూలు బండ్లకు 9.5 మిల్లీమీటర్ల పిన్నే. యూరప్ నుంచి వచ్చిన కొన్ని పాతవాటికి 9 ఉంటుంది. కడప నుంచి ఒకాయన 9.5 రంధ్రంలో 9 పిన్ను పెట్టి, వదులు పోవడానికి కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టానన్నారు. వెంటనే తీసేయండి. మెత్తటి రేకు తొక్కుడు బరువుకు నలిగిపోతుంది, మీరు గట్టిగా తొక్కే క్షణంలోనే క్రాంకు జారుతుంది.

పిన్నులు రెండూ ఒకే షాపులో, ఒకే డబ్బాలోంచి తీసుకోండి. వేర్వేరు తయారీల పిన్నులకు ఏటవాలు వేరుగా ఉంటుంది. తాడిపత్రి అమ్మాయి సమస్య సగం ఇదే: కుడికి పాత పిన్ను, ఎడమకు కొత్తది. ఒకటి లోతుగా దిగింది, రెండోది దిగలేదు. మిగతా సగం దిశ. ఒక క్రాంకు ముందుకు, ఇంకోటి వెనక్కి ఉండేలా పెట్టి చూస్తే ఒక పిన్ను నట్టు పైకి, రెండోదాని నట్టు కిందికి ఉండాలి. రెండూ పైకే ఉంటే ఏటవాలు ముఖాలు రెండు దిక్కులకు లాగి పెడళ్లు గీత తప్పుతాయి.

ఇప్పుడు ఆకురాయి పని. పిన్నును వైస్‌లో రాగి రేకుల మధ్య పట్టించండి, చదును ముఖం పైకి ఉండాలి. దీపం మసిలో చుక్క నూనె కలిపి ఆ ముఖానికి పల్చగా రాయండి. మా ఇంట్లో కాటుక వాడతాను, అదే పని చేస్తుంది. పిన్నును క్రాంకులో పెట్టి సుత్తితో తేలిగ్గా ఒక్కటి తట్టి, వెనక్కి తీయండి. మసి చెరిగిన చోటే ఇరుసును తాకుతోంది. ఒక చివరే చెరిగితే ఆ చివర ఎత్తుగా ఉందని అర్థం, అక్కడ మాత్రమే ఆకురాయితో రెండు మూడు సార్లు అరగదీయండి. మళ్లీ మసి, మళ్లీ తట్టు. ముఖం మీద ముప్పాతిక భాగం చెరిగేదాకా ఇంతే. ఆకురాయి అడ్డంగా ఊగితే ముఖం మధ్యలో ఉబ్బి, రెండంచులూ కిందికి జారతాయి, మసి మధ్యలోనే చెరుగుతుంది. ముఖం చదునుగా వచ్చిందో లేదో చూడ్డానికి నేను పాలిష్ చేసిన తాడిపత్రి నాపరాయి ముక్క ఒకటి బల్ల మీద ఉంచుకుంటాను. పిన్ను ముఖాన్ని దానికి ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనిపిస్తుంది.

ఎంత అరగదీయాలి? పిన్నును కొట్టి దించాక వాషర్, నట్టు పూర్తిగా పట్టేంత మర బయటికి రావాలి. అంతకన్నా తక్కువ వస్తే ఇంకొంచెం అరగదీయండి. మరీ ఎక్కువ వచ్చి, నట్టు క్రాంకును తాకకుండా పిన్ను మీది మర అయిపోయే చోటే ఆగిపోతే అతిగా అరగదీశారు. ఆ పిన్నును పక్కన పడేయండి.

ఇక్కడ నన్ను బాగా బాధపెట్టే తప్పు ఒకటి ఉంది. దాన్ని వదిలిపెట్టి ముందుకు పోలేను. పిన్నును చేత్తో తోసి, నట్టు బిగిస్తే అదే లోపలికి లాక్కుంటుందని అందరూ అనుకుంటారు. లాగదు. నట్టు పని పిన్ను వెనక్కి జారకుండా ఆపడమే. పిన్ను చివర మర సన్నగా ఉంటుంది, నట్టు చిన్నది. పిన్నును ఇరుక్కునేలా దించడానికి కావలసిన బలం ఆ మరకు లేదు. స్పానర్ తిప్పుతుంటే మొదట గట్టిగా అనిపిస్తుంది, తర్వాత కొంచెం తేలిక పడుతుంది. "ఆ, దిగింది" అనుకుంటారు. దిగలేదు, మర సాగింది. ఇంకో పావు చుట్టు తిప్పితే తెగుతుంది. నట్టు గట్టిగా ఉంది కాబట్టి పిన్ను గట్టిగా ఉందనుకోవడం కూడా ఇలాంటిదే. నట్టు క్రాంకును నొక్కుతూ ఎంత గట్టిగా ఉన్నా, లోపల పిన్ను ముఖానికీ ఇరుసుకూ మధ్య సందు ఉండొచ్చు. గుంతకల్లు ఆయన నట్టుతో లాగి మర తెంపారు, కొత్త పిన్ను తెచ్చి మళ్లీ నట్టుతోనే లాగారు. నేను మూడుసార్లు చెప్పాక సుత్తి పట్టారు. అప్పుడు పిన్ను రెండే దెబ్బల్లో దిగింది. ముందు కొట్టి దించండి, ఆ తర్వాత నట్టు. ఈ వరుస తిరగబడకూడదు.

కొట్టేటప్పుడు క్రాంకు కింద ఆధారం ఉండాలి. పిన్ను చివర దూరేంత వెడల్పున్న ఇనుప పైపు ముక్కను నేల నుంచి క్రాంకు దాకా సరిపోయేలా కోయించుకుని నిలబెట్టండి. అది లేకుండా కొడితే దెబ్బ ఇరుసు మీదుగా గోళీలకు, కప్పులకు తగిలి గుంటలు పడతాయి. కిలో సుత్తితో రెండు మూడు గట్టి దెబ్బలు చాలు. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కొడితే పిన్ను తల పగులుతుంది గానీ పిన్ను దిగదు. తీయడానికీ ఇదే పైపు. నట్టును పిన్ను చివరకు సమంగా తెచ్చి, రాత్రంతా కిరోసిన్ పట్టించి, ఒక్క గట్టి దెబ్బ వేయండి.

టక్ టక్ ఇంకా వస్తుంటే ఏ పిన్నో చూసుకోండి. ఎడమ కాలితో నొక్కినప్పుడు వస్తోంది కాబట్టి ఎడమ పిన్నే అనుకోకండి. కుడి క్రాంకు, చైన్ వీల్ ఒకే ముక్క. కుడి కాలి బలం పిన్నుల మీదుగా పోకుండా నేరుగా చైన్‌కు పోతుంది. ఎడమ కాలి బలం మాత్రం ఎడమ పిన్ను నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి కుడి పిన్నుకు, అక్కడి నుంచి చైన్ వీల్‌కు చేరుతుంది. అందుకని ఎడమ కాలితో నొక్కినప్పుడు వచ్చే చప్పుడుకు రెండింటిలో ఏదైనా కారణం కావచ్చు. ఒకరిని వెనక చక్రం బ్రేకు పట్టుకోమని, మీరు ఎడమ క్రాంకును చేత్తో ముందుకు వెనక్కి ఆడించండి. రెండో చేతి వేలిని క్రాంకు, ఇరుసు కలిసేచోట ఒక వైపు తర్వాత ఇంకో వైపు పెట్టి చూడండి. కదలిక వేలికి తెలుస్తుంది. వేరుశనగ మూటలు మోసిన పాత బండ్లలో ఇరుసు చదునే గుంటపడి ఉంటుంది. అప్పుడు ఎన్ని పిన్నులు మార్చినా లాభం లేదు, ఇరుసు మార్చాల్సిందే.

బిగించాక 20, 30 కిలోమీటర్లు తొక్కి, మళ్లీ పైపు పెట్టి ఒక దెబ్బ వేసి నట్టు బిగించండి. మొదటిసారి పిన్ను మరికొంచెం దిగుతుంది.

అభ్యాసం: మీ ఊళ్లో సైకిల్ షాపులో తీసిపారేసిన పిన్నులు పది అడగండి, ఊరికే ఇస్తారు. వైస్‌లో పెట్టి ఒక్కోదాని ముఖం చదునుగా అరగదీయండి, నాపరాయి మీద సందు కనిపించకూడదు. మొదటి ఆరు దాదాపు పాడవుతాయి. పదింటిలో వరసగా మూడు సరిగ్గా వచ్చాకే మీ బండి పిన్ను మీద ఆకురాయి పెట్టండి. దీనికి రెండు సాయంత్రాలు పడుతుంది. చక్రం పాఠానికి మీ పాత రిమ్మును ఆకులతో (స్పోక్స్‌తో) సహా అలాగే ఉంచండి, ఒక్క ఆకు కూడా విప్పకండి.