రైస్ మిల్లులో డ్రైవ్ ట్రిప్ అయితే: రీసెట్ నొక్కే ముందు

మోటార్ వేగాన్ని నియంత్రించే డ్రైవ్ (VFD) ఏదైనా లోపం చూసి ఆగిపోతే, అంటే ట్రిప్ అయితే, చెయ్యి రీసెట్ బటన్ మీదికే పోతుంది. బయట ధాన్యం లారీలు ఆగి ఉంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. అయినా ముందు రెండు విషయాలు రాసుకోండి: డిస్‌ప్లేలో ఏ కోడ్ పడింది, అప్పుడు మోటార్ స్టార్ట్ అవుతోందా, నడుస్తోందా, ఆగుతోందా. కోడ్‌లు కంపెనీని బట్టి మారతాయి. రెండో ప్రశ్న మాత్రం ఏ డ్రైవ్‌కైనా పనికొస్తుంది.

ఆపేటప్పుడు ఓవర్ వోల్టేజ్
బ్లోయర్ల దగ్గర ఎక్కువగా వచ్చేది ఇదే. బరువైన ఫ్యాన్ చక్రం ఒక్కసారిగా ఆగదు. డ్రైవ్ వేగం తగ్గిస్తున్నా చక్రం మోటార్‌ని తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు మోటార్ జనరేటర్‌లా మారి కరెంటును వెనక్కి పంపుతుంది. అది డ్రైవ్ లోపల ఏసీని డీసీగా మార్చి కెపాసిటర్లలో నిలిపే భాగానికి, అంటే డీసీ బస్‌కి చేరి వోల్టేజ్ పెంచుతుంది. 415 వోల్టుల సప్లై మీద డీసీ బస్ మామూలుగా 585 వోల్టుల దగ్గర ఉంటుంది. అది 800 దరిదాపులకు చేరితే చాలా డ్రైవ్‌లు ట్రిప్ అవుతాయి. డీసెలరేషన్ టైమ్ (వేగం తగ్గి ఆగడానికి పట్టే సమయం) 5 సెకన్లు ఉంటే 30కి, అవసరమైతే 60కి పెంచండి. తొందర లేకపోతే దానంతట అది ఆగేలా కోస్ట్ స్టాప్ పెట్టండి. వెంటనే ఆగి తీరాలంటే వెనక్కి వచ్చే కరెంటును వేడిగా మార్చే బ్రేకింగ్ రెసిస్టర్ వేయాల్సిందే.

స్టార్ట్‌లో ఓవర్ కరెంట్
ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ ధాన్యంతో నిండి ఆగిపోయిందేమో ముందు చూడండి. మెయిన్ ఆపి, లాక్ చేసి, అడుగున తలుపు తీసి ఖాళీ చేయండి. షాఫ్ట్ చేత్తో తిరగకపోతే బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. అది బాగుంటే యాక్సెలరేషన్ టైమ్ (వేగం అందుకునే సమయం) పెంచి, నేమ్‌ప్లేట్ ఆంపియర్లు డ్రైవ్‌లో సరిగ్గా ఉన్నాయో సరిచూడండి.

అప్పటికీ ట్రిప్ అయితే డ్రైవ్ దగ్గర మోటార్ కేబుల్ విప్పాలి. పవర్ ఆపిన వెంటనే టెర్మినళ్లు ముట్టుకోవద్దు! కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జ్ ఉంటుంది. కనీసం 10 నిమిషాలు, మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అంతసేపు ఆగి, మీటర్‌తో డీసీ బస్ చూశాకే చెయ్యి పెట్టండి. కేబుల్ విప్పి రన్ ఇచ్చినా ఓవర్ కరెంటే వస్తే లోపం డ్రైవ్‌లోనే. ఇక రీసెట్ కొట్టకుండా సర్వీస్‌కి పంపండి.

గ్రౌండ్ ఫాల్ట్
అంటే కరెంటు ఎర్త్‌కి లీకవుతోందని. వానాకాలంలో మోటార్ టెర్మినల్ బాక్స్‌లో చెమ్మ, కేబుల్ లోపలికి వెళ్లే చోట (కేబుల్ గ్లాండ్) నీరు చూడండి. కేబుల్‌ని డ్రైవ్ నుంచి పూర్తిగా విప్పాకే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టాలి. విప్పకుండా పెడితే డ్రైవ్ పోతుంది. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే వైండింగ్ ఆరబెట్టండి, లేదా కేబుల్ మార్చండి.

అండర్ వోల్టేజ్, ఫేజ్ లాస్
వోల్టేజ్ తగ్గినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా ఇవి వస్తాయి. ఫ్యూజ్, కాంటాక్టర్ (సప్లైని కలిపి విడదీసే స్విచ్), లూజ్ టెర్మినల్ చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది.

ఓవర్ హీట్
తవుడు దుమ్ము డ్రైవ్ వేడిని బయటికి పంపే హీట్‌సింక్‌ని మూసేస్తుంది. పవర్ ఆపి, డీసీ బస్ చార్జ్ పోయాక దుమ్మును వ్యాక్యూమ్‌తో తీయండి. కూలింగ్ ఫ్యాన్ శబ్దం చేస్తుంటే మార్చేయండి. వేడి తగ్గుతుందని ప్యానెల్ తలుపు తీసి నడపడం చాలా మిల్లుల్లో చూశాను. దయచేసి ఆ పని చేయకండి, దుమ్మంతా డ్రైవ్ సర్క్యూట్ కార్డు మీదకే చేరుతుంది. సీజన్‌లో వారానికోసారి ప్యానెల్ ఫిల్టర్ దులపండి.