మధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోందా? వోల్టేజీ ఎక్కడ పెరుగుతోందో ముందు తేల్చండి

ఎండ దంచేస్తుంటుంది, ప్యానెళ్ల మీద దుమ్ము కూడా ఉండదు. అయినా పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఇన్వర్టర్ పడుతూ లేస్తూ ఉంటుంది. ఎర్ర లైటు, తెర మీద ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’. కాసేపటికి మళ్లీ అందుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. యాప్ తెరిస్తే నున్నగా లేచి దిగాల్సిన గ్రాఫు రంపం పళ్లలా కనపడుతుంది.

నెల్లూరు, ఒంగోలు వైపు ఈ గోల సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో బాగా కనపడుతుంది. ఆకాశం తేటగా ఉంటుంది, ప్యానెళ్లు మరీ వేడెక్కవు కాబట్టి కరెంటు బాగా తీస్తాయి, ఏసీలేమో ఇంకా మొదలుకావు. రోహిణి కార్తెలో వీధి వీధంతా ఏసీలు తిరుగుతుంటే అదే ఇన్వర్టర్ కిక్కురుమనదు. లైన్ మీద లోడు తక్కువ, సోలార్ ఎక్కువ అయినప్పుడే ఈ జబ్బు.

ఇన్వర్టర్ మార్చాలని తొందరపడకండి. గ్రిడ్ (వీధి లైన్) వోల్టేజీ దానికి నిర్ణయించిన విలువలో 110 శాతం దాటితే ఇన్వర్టర్ లైన్ నుంచి విడిపోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనే చెబుతోంది. అది తన పని తాను చేస్తోంది.

అసలు చిక్కు అంకెల్లో ఉంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని, అంటే 11 వేల వోల్టులను, 433 వోల్టులకు దించుతుంది. లోడు లేనప్పుడు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య అది 250 వోల్టులు. చాలా ఇన్వర్టర్లు 230 లెక్కన 253 దగ్గర ఆగేలా వస్తాయి. అంటే మిగిలింది మూడు వోల్టులు! పైగా డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లెక్క 240కి అటూ ఇటూ 6 శాతం, అంటే 254 దాకా. అందుకే లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి ‘లిమిట్‌లోనే ఉందన్నా’ అని వెళ్లిపోతాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఇన్వర్టరూ తప్పు చేయలేదు.

సోలార్ పెట్టినవాళ్లు లైన్ తప్పంటారు, లైన్‌మన్ సోలార్ తప్పంటాడు. మధ్యలో టెన్షన్ మనకి. మూడు రీడింగులు చేతిలో ఉంటే ఆ వాదన తెగుతుంది. మల్టీమీటర్ వాడటం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో, మిట్టమధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు తీయించండి.

ఒకటి, ఇన్వర్టర్ ఆపేసి మీటరు దగ్గర. రెండు, ఇన్వర్టర్ నడుస్తుండగా మళ్లీ అక్కడే. మూడు, అదే సమయంలో ఇన్వర్టర్ ఏసీ టెర్మినల్ దగ్గర, అంటే ఇన్వర్టర్ నుంచి ఇంటి కరెంటు బయటికొచ్చే చోట.

రెండో దానికీ మూడో దానికీ తేడా ఎక్కువుంటే కారణం మీ ఇంట్లోనే ఉంది. కరెంటు మిద్దె మీద నుంచి కిందికి రావాలంటే ఇన్వర్టర్ తన వోల్టేజీని లైన్ కన్నా కాస్త పైకి ఎత్తాలి. వైరు సన్నగా ఉంటే ఇంకా ఎత్తాలి. 3 కిలోవాట్లంటే సుమారు 12.5 ఆంపియర్లు. ఇన్వర్టర్ నుంచి మీటరుకు 30 మీటర్ల దూరం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అనుకోండి, రానూ పోనూ కలిపి ఐదున్నర వోల్టులు పెరుగుతుంది. అదే 6 వేస్తే రెండు వోల్టుల పైచిలుకు, 10 వేస్తే ఒకటిన్నర లోపే. మూడు వోల్టులకే గతిలేని చోట ఇది చిన్న తేడా కాదు. వైరు మార్చడమో, ఇన్వర్టర్‌ను మీటరుకు దగ్గరగా దించడమో చేయాలి.

వైరు సరిగ్గానే ఉంటే ఏసీడీబీ (ఇన్వర్టర్‌కూ మీటరుకూ మధ్య స్విచ్చులుండే పెట్టె) మూత విప్పించండి, సప్లై పూర్తిగా ఆపాకే సుమా. న్యూట్రల్ స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, రాగి నల్లబడి ఉంటే దొంగ దొరికినట్టే. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పుకి పచ్చగా చిలుము పట్టిన లగ్గులూ (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలు) ఉంటాయి. కోసేసి కొత్త లగ్గు క్రింప్ చేయించాలి (నొక్కి బిగించాలి). గీకి మళ్లీ బిగిస్తే రెండు నెలల ముచ్చటే.

ఇన్వర్టర్ ఆపినా మీటరు దగ్గర 250 దాటే ఉంటే అది బయట నుంచి వస్తున్నదే. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరి ఇళ్లకు ఇది మామూలు: సాయంత్రం లైన్ చివరి ఇంట్లో ఫ్యాన్ తిరగాలని ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజీని పెంచే, తగ్గించే ట్యాప్ పైకి పెట్టి ఉంటారు, మధ్యాహ్నం ఆ భారం మొదటి ఇంటి మీద పడుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి ట్యాపే ఉండదు. అప్పుడు మీ సర్వీసును లోడు ఎక్కువున్న ఫేజుకు మార్చమని అడగండి. ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఒకే ఫేజు మీద నాలుగైదు ఇళ్ల సోలార్ పడిన వీధుల్లో ఇదే బాగా పనిచేస్తుంది. ట్యాపైనా, ఫేజైనా, స్తంభం మీద తీగలను కలిపే జంపరైనా డిపార్ట్‌మెంటు వాళ్లే ముట్టుకోవాలి.

ఆపినప్పుడు మామూలుగా ఉండి, నడిస్తే మీటరు దగ్గరే బాగా పెరుగుతుంటే సర్వీస్ వైరునో, స్తంభం దగ్గర జాయింటునో అనుమానించాలి. ఇదీ వాళ్ల పనే.

ఒక ఫేజు 280కి ఎగిరి ఇంకోటి 180కి పడిపోతుంటే ఇవేవీ ఆలోచించకండి. న్యూట్రల్ తెగిందన్నమాట. మెయిన్ ఆపేసి వెంటనే 1912కి చెప్పండి, ఫ్రిజ్‌లూ టీవీలూ పోయేది ఇలాంటప్పుడే.

సెట్టింగు సంగతి. ఇన్వర్టర్‌లో వేరే దేశపు గ్రిడ్ కోడ్ (ఏ వోల్టేజీ దగ్గర ఆగాలో చెప్పే సెట్టింగు) ఉండిపోయిందేమో ఇన్‌స్టాలర్‌ను అడగండి. 240కి లెక్కేస్తే 110 శాతం 264 అవుతుంది. డిస్కం ఒప్పుకుంటే అక్కడి దాకా పెంచవచ్చు. ‘280 పెట్టేస్తే పీడా పోతుంది’ అనేవాళ్ల మాట వినొద్దు, ఆ వోల్టేజీ మీ ఇంటి సామానుకీ తగులుతుంది. అంతకన్నా వోల్ట్-వాట్ మోడ్ మంచిది: మొత్తం ఆగిపోకుండా ఉత్పత్తిని కొంచెం తగ్గించుకుంటుంది. మామూలు స్టెబిలైజర్ అడ్డం పెట్టడం మాత్రం వద్దు, అది కరెంటు ఎదురు ప్రవహించడానికి చేసింది కాదు.

ఈలోగా బోరు మోటారు, వాషింగ్ మెషీన్ పదకొండు తర్వాత వేసుకోండి. బయటికి పోయే కరెంటు తగ్గితే వోల్టేజీ కూడా ఒకట్రెండు వోల్టులు దిగుతుంది.

ఫిర్యాదు మీ డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, నెల్లూరుకు ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలుకు ఏపీసీపీడీసీఎల్. మూడు రీడింగులు, తీసిన టైము, సర్వీసు నంబరు, యాప్ గ్రాఫు ప్రింటు జతచేసి, మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. కదలిక లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లినప్పుడు ఆ కాపీనే అడుగుతారు.