కుండీ తడిగానే ఉంది, మొక్క వాడుతోంది: ఇండోర్ మొక్కల సమస్యలు - పరిష్కారాలు

రాజమండ్రిలో మా కాలనీ గార్డెనింగ్ క్లబ్ ఏటా జనవరిలో కమ్యూనిటీ హాల్లో 3 రోజులు ఇండోర్ మొక్కల ప్రదర్శన పెడుతుంది. అది ముగిసిన పది పదిహేను రోజులకు నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, పీస్ లిల్లీ తలవాల్చేసింది", "ఆంటీ, అగ్లోనీమా కింది ఆకులన్నీ పండిపోతున్నాయి", "రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నానండీ, అయినా ఇలా అయిపోయింది". నెలకో ఆదివారం మేం పెట్టే మొక్కల క్లినిక్ బల్ల దగ్గర 8 ఏళ్లుగా కూర్చుంటున్నాను. వచ్చిన కుండీల్లో ఎక్కువ వాటి రోగం ఒకటే. దాన్ని పట్టుకోవడానికి ఒక పుల్ల, ఒక నిమిషం చాలు. కానీ ఆ నిమిషం ఎవరూ పెట్టడం లేదు. మందు కొంటారు, ఎరువు వేస్తారు, కుండీ మారుస్తారు, పుల్ల మాత్రం గుచ్చరు.

ఏ మొక్కకు ఎంత వెలుగు, ఎప్పుడు నీళ్లు అన్న సంగతులు మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ముందు పుల్ల గుచ్చండి

"లోపల తడి చూశారా?" అని అడిగితే అందరూ చూశామనే అంటారు. ఎక్కడ చూశారో చూపించమంటే కుండీ అంచు దగ్గర వేలు పెడతారు. అక్కడ కాదు. కబాబ్‌లకు గుచ్చే వెదురు పుల్ల ఒకటి తీసుకుని, మొక్క మొదలుకు రెండు వేళ్ల దూరంలో, కుండీ సగం లోతు దాటేదాకా నిలువుగా దించండి. తర్వాత అదే పుల్లను అంచు దగ్గర దించండి. రెండు చోట్లా ఒకేలా దిగిందా? తీసి చూస్తే రెండు చోట్లా తడి ఒకేలా ఉందా? పుల్లను ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసనా, మురుగు వాసనా?

ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా కింద రాసిన ఏ పరిష్కారమూ మొదలుపెట్టొద్దు.

ఆకులు వాలాయి, రెండు చోట్లా పొడిగా ఉంది

దాహం. బకెట్లో నీళ్లు పోసి, కుండీని అంచు మునగకుండా అరగంట నిలబెట్టండి. పీస్ లిల్లీ అయితే కొన్ని గంటల్లో మళ్లీ లేచి నిలబడుతుంది.

ప్రదర్శన తర్వాత కింది ఆకులు పండి రాలుతున్నాయి

చోటు మార్పు. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి ట్యూబ్‌లైట్ల హాల్లో పెట్టాం. నడి ఎండలో వెలుతురు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) దాకా ఉంటుంది. నెట్ దాన్ని సగానికి తగ్గించినా, మామూలు గదిలో ఉండే రెండు మూడు వందల లక్స్‌తో దానికి పోలికే లేదు. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, మొక్కకు తెలుస్తుంది. తను పోషించలేని ఆకుల్ని వదిలేస్తుంది. ఫైకస్ బెంజమినా అయితే గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు జరిపినా ఆకులు రాలుస్తుంది.

వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టి, ఇక కదపకుండా 3, 4 వారాలు వదిలేయండి. కొత్త చిగురు వస్తోందంటే మొక్క కుదురుకున్నట్టే. ఈలోపు ఎరువు వేయొద్దు.

ఆకు కొసలు గోధుమ రంగులో ఎండుతున్నాయి

ఏసీ గాలి నేరుగా తగులుతుంటే జరపండి. అదికాకపోతే నీళ్లలో ఉప్పు. మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. దానికితోడు ఆర్‌ఓ మెషీన్ వదిలే వృథా నీటిని పారబోయలేక మొక్కలకు పోస్తారు. ఆ నీళ్లలో మామూలు నీటికంటే ఉప్పు ఎక్కువ. బాత్రూమ్ కడగడానికి వాడుకోండి గానీ కుండీలో పోయొద్దు. ఇప్పటికే పోసి ఉంటే వాననీళ్లో మంచినీళ్లో తీసుకుని, కింది రంధ్రం నుంచి ధారగా కారేలా, కుండీకి రెండు మూడింతల నీళ్లు మెల్లగా పోసి కడిగేయండి. ఎండిన కొసలు తిరిగి పచ్చబడవు, కొత్త ఆకులు బాగా వస్తాయి.

ఆకు మొదట్లో తెల్లటి దూది

పిండినల్లి. ప్రదర్శన చివరి రోజు మొక్కలు ఇచ్చిపుచ్చుకున్నాక ఇది ఇల్లిల్లూ తిరుగుతుంది. కొత్తగా వచ్చిన మొక్కను రెండు వారాలు వేరే గదిలో ఉంచమని ఏటా మైకులో చెబుతున్నాం. దూదిని తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోపు కలిపి వారానికోసారి నెల రోజులు సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే గుడ్ల నుంచి మళ్లీ వస్తుంది.

కుండీ మీద చిన్న నల్ల ఈగలు

పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటోంది. పసుపు జిగురు అట్టలు ఎగిరే ఈగలను పడతాయి, మట్టిలో ఉన్న పిల్లపురుగుల జోలికి పోవు. పైన రెండంగుళాలు ఆరాకే నీళ్లు పోయండి. అందంగా కనబడాలని అడుగున రంధ్రం లేని సిరామిక్ కుండీలో పెట్టినవాళ్లు ముందు లోపలి కుండీని పైకెత్తి చూడండి. అడుగున నిలిచిన నీళ్లు కనబడితే పారబోయండి. ఇకమీదట నీళ్లు పోసిన అరగంటకు ఇది చేయాల్సిందే.

కుండీ తడిగానే ఉంది, అయినా మొక్క వాడుతోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

ఒక ఏడాది ప్రదర్శన కోసం క్లబ్బు డబ్బుతో 12 అగ్లోనీమాలు, 6 పీస్ లిల్లీలు కొన్నాం. నర్సరీ కవర్లు కోసి, లోపలి ఎర్రమట్టి ముద్దను కదపకుండా తెల్ల కుండీల్లో దించి, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్టు నింపాం. వేళ్లు కదపకూడదని పెద్దవాళ్లు చెప్పింది పాటించామని నాకు ధైర్యం. హాల్లో చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. తర్వాత సభ్యులు తలా ఒకటి ఇంటికి తీసుకెళ్లారు. నెలలోపే ఫోన్లు వచ్చాయి. నీళ్లు ఎక్కువయ్యాయి, తగ్గించండి అన్నాను. మరికొన్ని పోయాయి. రెండు నెలలు తిరిగేసరికి 18లో 11 లేవు. నా మాట విని నీళ్లు తగ్గించి మొక్కను పోగొట్టుకున్నవాళ్లు అందులో ఉన్నారు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చచ్చిపోయిన వాటిలో రెండింటిని తెప్పించి, బోర్లించి, ముద్దను కత్తితో నడిమికి కోశాను. మొదటిదాంట్లో చుట్టూ ఉన్న కోకోపీట్ పిండితే నీళ్లు కారేంత తడి. లోపల ఎర్రమట్టి మాత్రం ఇటుక ముక్కలా పొడిగా, గట్టిగా ఉంది. రోజూ నీళ్లు పోస్తున్నా ఆ మొక్క దాహంతో చచ్చింది. రెండోదాంట్లో సరిగ్గా దీనికి ఎదురు. పైన కోకోపీట్ పొడిపొడిగా రాలుతోంది, లోపల బురద. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే తొక్క ఊడి చేతికి వస్తున్నాయి, మురుగు వాసన. ఒకే రోజు, ఒకేలా నాటిన మొక్కలు.

రెండింటికీ కారణం ఆ ముద్దే. ఎర్రమట్టిలోని బంకమన్ను రేణువులు చాలా సన్నం. ఆరితే ముద్ద కుంచించుకుపోయి గట్టిపడుతుంది, చుట్టూ సన్నటి సందు ఏర్పడుతుంది. మనం పోసిన నీళ్లు ఆ సందులోంచి, గుల్లగా ఉన్న కోకోపీట్‌లోంచి జారి కింది రంధ్రంలో బయటకు వచ్చేస్తాయి. నీళ్లు కారాయి కదా, బాగా తడిసిందని మనం అనుకుంటాం. ముద్ద తడవనే లేదు. ఇంకో ఇంట్లో ఆ ముద్ద ఎలాగో నీళ్లు పీల్చుకుంది. గాలి, వెలుతురు తక్కువున్న గదిలో వారం పది రోజులైనా ఆరదు. పైన కోకోపీట్ మాత్రం రెండు రోజుల్లో ఆరిపోతుంది. అది చూసి మళ్లీ నీళ్లు పోస్తాం. గాలాడక వేళ్లు కుళ్లుతాయి. పైకి ఆకులు రెండు చోట్లా ఒకేలా వాలతాయి కాబట్టి ఫొటో చూసి సలహా చెప్పేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు.

నర్సరీవాళ్లను తప్పుపట్టకండి. మా దగ్గరి నర్సరీ ఊళ్లు కడియం, కడియపులంక నుంచి మొక్కలు లారీల్లో వేరే రాష్ట్రాలకు వెళ్తాయి. గుల్లమట్టి అయితే దారిలోనే రాలి వేళ్లు బయటపడతాయి. ఎర్రమట్టి ముద్ద వేళ్లను పట్టి ఉంచుతుంది, బరువుకు మొక్క పడిపోకుండా నిలబడుతుంది. అక్కడ ఆరుబయట గాలికీ వేడికీ ముద్ద తొందరగా ఆరుతుంది, పైపుతో మళ్లీ తడుపుతారు. ఆ చోటుకు ఆ మట్టి సరైనదే. మన హాలుకు పనికిరాదు.

గుర్తుపట్టడం ఇలా. అంచు దగ్గర వెన్నలో దిగినట్టు దిగిన పుల్ల, మొదలు దగ్గర టక్కున ఆగిపోతే లోపల ముద్ద ఉన్నట్టే. మొదలు దగ్గర మెత్తగా దిగి, పైకి తీసినప్పుడు జిగట ఎర్రబురద అంటుకుని వస్తే అదీ ముద్దే, తడిసినది.

ఇప్పుడు పరిష్కారం. మొక్కను కుండీలోంచి తీసి, ముద్ద మునిగేలా బకెట్ నీళ్లలో గంటసేపు ఉంచండి. పొడి ముద్దను చేత్తో విరిచారంటే వేళ్లు తెగుతాయి, అందుకే ఈ నానబెట్టడం. నానాక కింది నుంచి వేళ్లతో మెల్లగా పిసుకుతూ మట్టిని నీళ్లలోకి వదిలించండి. అగ్లోనీమా, పీస్ లిల్లీ, సింగోనియం, మనీ ప్లాంట్ లాంటివి ఓర్చుకుంటాయి, దాదాపు మట్టంతా కడిగేయొచ్చు. అరేకా పామ్, ఫిడిల్ లీఫ్ ఓర్వలేవు. వాటికి బయటి నాలుగో వంతు మాత్రమే వదిలించి, మిగిలిన ముద్దలో పుల్లతో అటూఇటూ ఏడెనిమిది రంధ్రాలు పొడవండి. మిగిలింది వచ్చే ఏడాది. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ నీళ్లు దాచుకునే మొక్కలు కాబట్టి నెలల తరబడి ఏమీ చెప్పవు, ఒకరోజు మొదలు మెత్తబడి పక్కకు ఒరుగుతాయి. అవి పచ్చగా ఉన్నాయని వదిలేయకుండా ముందే మట్టి మార్చండి.

ముద్ద విప్పుతుంటే మధ్యలో తెల్లటి పలుచని గుడ్డలాంటి చిన్న సంచి దొరకొచ్చు. పిలకను మొదట నాటింది దాంట్లోనే. వేళ్లు తెగకుండా కత్తెరతో ఒక పక్క కత్తిరించి తీసేయండి. నల్లబడి మెత్తగా ఉన్న వేళ్లన్నీ కోసేయండి, తెల్లగా గట్టిగా ఉన్నవి చాలు. వేళ్లేమీ మిగలకపోయినా కాడ గట్టిగా ఉంటే, ఒక కణుపు మునిగేలా నీళ్లలో పెడితే అగ్లోనీమా, మనీ ప్లాంట్ మళ్లీ వేళ్లు వేస్తాయి.

నాటే మిశ్రమానికి నా లెక్క: కోకోపీట్ 2 పాళ్లు, వర్మీకంపోస్టు 1 పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్లరాయి పలుకులు) గానీ కాల్చిన ఊక గానీ 1 పాలు, మామూలు తోటమట్టి 1 పాలు. కుండీ అడుగు నుంచి పైదాకా ఇదే మిశ్రమం ఉండాలి. లోపల ఒకటి, బయట ఒకటి ఉంటే మళ్లీ మొదటికే వస్తాం. కొత్త కుండీ వేళ్ల గుత్తికంటే రెండంగుళాలు వెడల్పుంటే చాలు.

నాటాక వారం పది రోజులు కాస్త వాడుతుంది. టెన్షన్ పడి మళ్లీ పీకి చూడొద్దు. ఎండ తగలని వెలుతురులో ఉంచి, పుల్ల చెప్పినప్పుడే నీళ్లు పోసి, నెల రోజులు ఎరువు జోలికి వెళ్లకండి. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఫిబ్రవరి మంచిది, లేదా వానలు పడ్డాక జూలై. ఇప్పటికిప్పుడు మట్టి మార్చలేని పరిస్థితైతే ముద్దలో పుల్లతో రంధ్రాలు పొడిచి, పొడిబారినప్పుడల్లా బకెట్లో నిలబెట్టి కింది నుంచి నీళ్లు పట్టించండి. అది కొన్ని వారాల కోసమే.

మిగతావి

వైరస్, పోషక లోపం, మట్టి పీహెచ్: ఇంట్లో కుండీ మొక్కలకు ఇవి అరుదు. క్లినిక్ బల్ల దగ్గర వీటి గురించి మాట్లాడాల్సి వచ్చిన రోజులు నాకు గుర్తులేనంత తక్కువ. ఎప్సమ్ సాల్ట్ వేయమని ఎవరైనా చెబితే, ముందు పుల్ల గుచ్చారా అని అడగండి.

వచ్చే ప్రదర్శనకు

జనవరి ప్రదర్శనకు ఇవ్వదలచిన మొక్కల మట్టి నవంబరు చివరికల్లా మార్చేయండి. ముందురోజు సాయంత్రం కొత్త కుండీలో దించి తెచ్చిన మొక్క మూడు రోజులు అందంగానే ఉంటుంది, దాన్ని ఇంటికి తీసుకెళ్లినవాళ్లకే కష్టం. అందుకే ఇప్పుడు ప్రతి కుండీకి మొక్క పేరుతోపాటు మట్టి మార్చిన తేదీ రాసిన చీటీ కడుతున్నాం. తేదీ లేని కుండీని బల్ల ఎక్కించే ముందు పుల్ల గుచ్చి చూస్తున్నాం. ఒంటరిగా చేయడానికి భయపడేవాళ్లు నవంబరు రెండో ఆదివారం పొద్దున 7 గంటలకు మొక్క, ఒక బకెట్, పాత న్యూస్‌పేపర్లు తీసుకుని హాలుకు రండి. పుల్లలు, మిశ్రమం మేం తెస్తాం.